మాఘం దాకా ఆగిన సీడీ

మా ఆయన వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. పెళ్ళిచూపులనాడు కాఫీ గ్లాసు అందుకుంటుంటే చూసి, ఈయన బొగ్గుల కొట్లో పనిచేస్తారు కాబోలు అనుకున్నాను. అది బొగ్గు కాదు, సీసం. రాజమండ్రిలో కోటగుమ్మం దగ్గర ఒక ప్రెస్సులో ఆయన కంపోజిటరు. సీసపు అక్షరాలను కేసులోంచి, అంటే గడుల చెక్కపెట్టెలోంచి, ఒక్కొక్కటీ ఏరి, వరసలుగా పేర్చి, పేజీ కట్టే పని. పధ్నాలుగో ఏట పెనుగొండ నుంచి వచ్చి ఆ కేసు ముందు నిలబడ్డారు. పాతికేళ్ళకు పైగా అలాగే నిలబడ్డారు.

పేరు వీరబ్రహ్మం. నోటితో ఎప్పుడూ అనలేదు గనక రాస్తుంటే కొత్తగా ఉంది.

ఇంటికి రాగానే కిరసనాయిలు గుడ్డతో వేళ్ళు తుడుచుకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, అప్పుడు అన్నానికి కూర్చునేవారు. ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ నలుపు మిగిలేది. నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. పెళ్ళయిన కొత్తలోనే ప్రూఫులు ఇంటికి తెచ్చి, "నువ్వు రాతప్రతి పైకి చదువు, నేను అచ్చు చూస్తాను" అన్నారు. నాకు అంత చదువు లేదండీ అంటే, ఉన్నంత చదువు అన్నారు. అలా వ్రతకథలు చదివాను, పంచాంగాలు చదివాను, ఒక లాయరుగారి ఆత్మకథ, ఒక హోమియోపతి పుస్తకం కూడా చదివాను. తప్పు చదివితే కోప్పడేవారు కాదు. తలెత్తకుండా "మళ్ళీ" అనేవారు, అంతే. మాకు పిల్లలు లేరు. మా సాయంత్రాలు అలాగే గడిచాయి.

ఆ పనిలో నా మనసుకు ఎక్కనిది ఒక్కటే ఉండేది. రోజుల తరబడి పేర్చిన పేజీలను అచ్చవ్వగానే విప్పేసి, ఏ అక్షరాన్ని ఆ గడిలో మళ్ళీ వేసేసేవారు. "చేతులెలా వస్తాయండీ?" అని అడిగాను ఒకసారి. "కాగితం మీదికి ఎక్కిందిగా. ఇక సీసానికేం పని?" అన్నారు.

కంప్యూటర్లు వచ్చాక ఆ సీసమంతా తూకానికి పోయింది. ప్రెస్సు వాళ్ళు ఆయన్ని తీసెయ్యలేదు, కంప్యూటర్ నేర్చుకుని రమ్మన్నారు. నలభై రెండేళ్ళ మనిషి, ఇంటర్ చదివే పిల్లల మధ్య కూర్చుని మూడు నెలలు నేర్చుకున్నారు. వాళ్ళు ఆయన్ని తాతగారూ అనేవారట. అక్కడా గెలిచారు. తప్పు లేకుండా తెలుగు కొట్టేవాడు ఊళ్ళో ఈయనే అని పేరొచ్చింది.

ఇంటికి కంప్యూటర్ తెచ్చింది మాత్రం లోవరాజు. తుని పిల్లాడు. పిల్లాడంటున్నాను గానీ అప్పటికే ముప్ఫై దాటాయి, ఇద్దరు బిడ్డల తండ్రి. ఇక్కడే ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాడు. తమ్ముడి పెళ్ళి శుభలేఖ అచ్చు వేయించుకోవడానికి వచ్చి, ఈయన పట్టిన తప్పులు చూసి శిష్యుడైపోయాడు. ఆయన్ని మాస్టారూ అంటాడు, నన్ను పిన్నిగారూ అంటాడు. కాలేజీలో పక్కన పడేసిన కంప్యూటర్ ఒకటి బాగుచేసి తెచ్చి, లైనక్స్ వేసి ఇచ్చాడు. లైనక్స్ అంటే ఎవరి సొత్తూ కాదట. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు.

ఆ దిద్దవచ్చన్న మాట దగ్గర ఆయన ఆగిపోయారు.

కంప్యూటర్ వెయ్యగానే కనపడే ముఖం ఒకటుంటుంది కదా. పైన బొమ్మలు, కింద పట్టీ, నొక్కితే తెరుచుకునే జాబితాలు. దాని పేరు కేడీఈ అని చెప్పేవారు. లోపలి యంత్రం అలాగే ఉన్నా ఆ ముఖం మాత్రం కొత్తది వచ్చినప్పుడల్లా మార్చుకోవచ్చట. లోవరాజు దాన్ని తెలుగులో పెట్టి చూపించాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మొదటి జాబితా చదివి, "ఇది ఏ ఊరి తెలుగురా?" అన్నారు.

"ఎవరో మనలాంటోళ్ళేనండి. ఉద్యోగాలు చేసుకుంటా ఖాళీగా ఉన్నప్పుడు తర్జుమా చేస్తారు. తప్పులుంటే రాసి పంపమన్నారండి."

"పంపితే మారుస్తారా?"

"ఆయ్. నచ్చితే మారుస్తారండి."

ఇక చూసుకోండి. ప్రెస్సు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చిన్న చిన్న కాగితం ముక్కలు ముందేసుకుని కూర్చునేవారు. ఒక్కో ముక్క మీద ఒక్కో మాట. రెండేళ్ళలో నాలుగు వందల మాటలు దాకా దిద్ది ఉంటారు. ఆదివారం నాడు లోవరాజు వచ్చి అవన్నీ వాళ్ళకు పంపేవాడు. వాళ్ళు చాలావరకు ఒప్పుకున్నారు. అయితే మా ఇంట్లో ఉన్న కేడీఈ నంబరు మూడున్నర అట, అందులో ఇక మార్పులు వెయ్యరట. నాలుగు అని కొత్తది తయారవుతోంది, ఈ మాటలన్నీ అందులో వస్తాయన్నారు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో నాలుగు ఎప్పుడు, నాలుగు ఎప్పుడు అనడమే.

నన్ను కూడా మాటలు అడిగేవారు. ఒకరోజు నేను పనసపొట్టు కూరకి ఆవ నూరుతుంటే వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు.

"ఏమే, పనంతా అయిపోయి కంప్యూటర్లోంచి బయటికొచ్చేస్తాం కదా, దానికి వీళ్ళు నిష్క్రమించు అని పెట్టారు. ఎలా ఉంది?"

"నాటకంలో రాజుగారు తెర వెనక్కి వెళ్ళినట్టుంది."

"మరేమంటే బాగుంటుంది?"

"ఇంట్లోంచి బయటికెళ్ళేవాళ్ళు ఏమంటారండీ? వెళ్ళొస్తా అంటారు. వెళ్తానని అన్నవాళ్ళని మా అమ్మ వీధి గుమ్మంలోంచి వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, సరిగ్గా అనిపించి మరీ పంపేది."

"పిచ్చిదానా, అంత ఇంటి మాట కంప్యూటర్లో పెడతారేంటే?"

"పెట్టకపోతే మానెయ్యండి. అడిగింది మీరు. ఆ కరివేపాకు ఇలా అందుకోండి."

నవ్వారు. కరివేపాకు అందించారు. కాగితం ముక్క మీద ఏదో రాసుకున్నారు కూడా. నేను అది అక్కడితో మర్చిపోయాను.

2007 ఎండాకాలంలో ఆయన కాళ్ళు వాచాయి. కిడ్నీలన్నారు. కాకినాడలో డాక్టరుగారు ఆయన చేతులు పట్టుకుని గోళ్ళు చూసి, సీసంతో పనిచేశారా అని అడిగారు. పాతికేళ్ళండి అన్నారాయన, సర్టిఫికెట్ చూపించినట్టు. అప్పటినుంచి సోమవారం, గురువారం రక్తం శుద్ధి చేయించడానికి కాకినాడ ప్రయాణం. ఇన్నీసుపేటలో మా ఇంటి నుంచి ఆటోలో బస్సుల కాంప్లెక్సుకి, అక్కణ్ణించి బస్సు. కాలువ పక్కనే రోడ్డు. వెళ్ళేటప్పుడు నీళ్ళ వైపు కిటికీ దగ్గర కూర్చునేవారు. వచ్చేటప్పుడు నా భుజం మీద తలపెట్టి నిద్రపోయేవారు. ప్రెస్సు మానేశారు. వెళ్ళని రోజుల్లో ఆయనకున్న కాలక్షేపం ఆ కంప్యూటరే. చూపు కూడా మందగించింది. అయినా కింద పట్టీ మీద ఏ బొమ్మ ఎక్కడుందో, పూర్వం కేసులో ఏ అక్షరం ఏ గడిలో ఉందో తెలిసినట్టే, ఆయన చేతికి తెలుసు.

డిసెంబరు నెలలో డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచారు. "ఇంకెన్నాళ్ళో కాదమ్మా. గుండె కూడా అలిసిపోయింది. ఈ చలికాలం దాటితే గొప్ప" అన్నారు. నేను కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళాను. ఏమన్నారని అడిగారు. ఉప్పు తగ్గించమన్నారని చెప్పాను.

జనవరిలో నాలుగు వచ్చింది.

లోవరాజు సాయంత్రం హెల్మెట్ కూడా తియ్యకుండా లోపలికి వచ్చి సీడీ చూపించాడు. "మాస్టారూ, వచ్చేసిందండి!"

డయాలసిస్ మర్నాడు ఆయన మంచం మీంచి లేవాలంటే రెండు మూడుసార్లు ప్రయత్నం చెయ్యాలి. ఆ రోజు ఒక్కసారికే లేచి కూర్చున్నారు.

"మన మాటలున్నాయా?"

"ఉన్నాయండి. చేసినోళ్ళ పేర్లలో మీ పేరు కూడా ఉందండి."

"పేరు దేనికిరా. వేసెయ్యి మరి."

లోవరాజు స్టూలు మీద కూర్చుని హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని నసిగాడు. "అదేనండి... చెప్తే కోప్పడతారు. ఇది ఇంకా తొలికాపండి. పాతదాన్లో ఉన్నవి చాలా ఇందులో రాలేదంట. కింద పట్టీని పక్కకి జరపడానికి కూడా లేదంటండి. మీరు సర్దుకున్నదంతా పోద్ది. తెలిసినోళ్ళు ఆర్నెల్లు ఆగమంటున్నారు. జూలై ఆఖరికి దీని తర్వాతది వస్తాది, అది ఏసుకుందాం."

"ఆర్నెల్లా?" అన్నారాయన.

"ఇప్పుడు ఏసి చెడగొట్టుకుంటే మీకు కాలక్షేపం ఉండదు కదండి."

"చెడితే చెడనీరా. ఒక్కటి చూడాలి. మీ పిన్నికి కూడా చూపించాలి."

"నాకేం చూపిస్తారు? ఆ బొమ్మల్లో నాకేం తెలుసు?" అన్నాను వంటింట్లోంచి.

"తెలిసిందేలే. చూశాక చెబుదువుగాని."

నేను చెయ్యి తుడుచుకుని వచ్చాను. ఇద్దరూ నా వైపు చూశారు. ఆయన వెయ్యమంటున్నారు, లోవరాజు ఆగమంటున్నాడు. ఇక మూడో మాట నాదే.

"ఏదైనా ఇప్పుడొద్దండి. పుష్యమాసం. శూన్యమాసంలో కొత్తదేదీ మొదలుపెట్టకూడదు" అన్నాను.

"కంప్యూటర్‌కి కూడానా పిన్నిగారూ?" అని లోవరాజు నవ్వాడు.

"నువ్వు నవ్వకురా" అన్నారాయన. "గ్యాస్ పొయ్యి కొన్న కొత్తలో ఆషాఢమొచ్చిందని నెల్లాళ్ళు దాని అట్టపెట్టె విప్పనివ్వలేదు మీ పిన్ని. దానిమీద పూలకుండీ పెట్టింది. కిరసనాయిలు పొయ్యి మీద వండి ఇల్లంతా మసి చేసింది."

ఆ మాట నిజమే. ఇరవై ఏడేళ్ళ కాపురంలో నేను ఆషాఢంలోగానీ పుష్యంలోగానీ కొత్త చీపురు కూడా వాడలేదు. ఆయనకు అది తెలుసు. నాకు వచ్చిన చిక్కు అదే. ఇప్పుడు మాసం లేదూ ఏమీ లేదు, వెయ్యరా అన్నాననుకోండి, ఆయన నా ముఖంలోకి చూస్తారు. ఇది ఎందుకు ఒప్పుకుంది, ఇరవై రోజులు ఆగలేనంత తొందర దీనికేం వచ్చిందని ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు, డాక్టరుగారు వరండాలో చెప్పిందంతా తెలిసిపోతుంది. నేను ఎప్పటిలా ఉండాలి. ఎప్పటిలా ఉంటే ఆయనకు రోజులున్నట్టు. అలా అనుకున్నాను. కొంచెం నమ్మాను కూడా.

"మాఘం ఎప్పుడొస్తుందే?" అన్నారు.

గోడ మీద క్యాలెండర్ చూసి చెప్పాను. "ఇరవై రోజులేనండి. రథసప్తమి రోజున వేసుకోండి, మంచిరోజు. ఆ మాత్రం ఆగలేరా? కొత్త పెళ్ళికొడుకులా ఏంటా తొందర?"

ఆయన కాసేపు ఆ సీడీని ఇటూ అటూ తిప్పి చూశారు. "ఆగుతాలే. ఎక్కడికి పోతాను?" అన్నారు.

లోవరాజు ఊపిరి పీల్చుకున్నాడు. "పిన్నిగారు చెప్పిందే కరెక్టండి మాస్టారూ" అన్నాడు. ఆయన వీధి గుమ్మం దాకా అతన్ని సాగనంపారు. ఆ రోజుల్లో ఆయన గుమ్మం దాకా నడవడమే గొప్ప. ఇద్దరూ అక్కడ చాలాసేపు నిలబడ్డారు. కంప్యూటర్ సంగతులనుకున్నాను.

సీడీ నా చేతికిచ్చారు, జాగ్రత్త చెయ్యమని. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా దేవుడి గూట్లో పెట్టి పసుపు రాసి బొట్టు పెట్టడం అలవాటు. కుట్టుమిషనుకి పెట్టాను, ఆయన సైకిలుకి పెట్టాను, ఆ కంప్యూటర్‌కీ పెట్టాను. దీనికీ పెట్టాను. వెనక పట్టుకుంటే నా ముఖం కనపడుతోంది, అద్దంలా మెరుస్తోంది, అదే దీని ముఖం అనుకుని అటువైపే తడి పసుపు రాసి కుంకుమ పెట్టాను. మూడు శుక్రవారాలు పెట్టాను. ఆయన మాఘం చూడాలని మొక్కుకుంటూ పెట్టాను.

మాఘం చూశారు. రథసప్తమినాడు పొద్దున్నే తలమీద జిల్లేడాకులు పెట్టించుకుని స్నానం చేశారు. నేను చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి చూపించాను. డాక్టర్లు వద్దన్నారని ఆయన నాలిక మీద చుక్క మాత్రం వేసుకున్నారు. ఇస్త్రీ చొక్కా తెమ్మన్నారు. తొమ్మిదింటికి లోవరాజు వచ్చాడు. నేను గూట్లోంచి సీడీ తీశాను. పసుపు ఎండి అట్టలు కట్టింది. అలాగే ఇస్తే బాగుండదని పెరట్లోకి తీసుకెళ్ళి, గిన్నెలు తోమే కొబ్బరిపీచుతో పరపరా రుద్ది, కడిగి, తుడిచి తెచ్చాను.

లోవరాజు దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాడు. "పిన్నిగారూ... దీన్నేం చేశారండీ?"

"బొట్టు పెట్టానురా. శుభ్రంగా తోమే తెచ్చాను."

"మెరిసేవైపు పెట్టారా?"

"మెరిసేదే ముఖం కదా?"

పెట్టి చూశాడు. లోపల గర్రుగర్రుమని తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. రాలేదు. అక్షరాలన్నీ ఆ మెరిసేవైపే ఉంటాయట. వాటినే నేను పీచుతో తోమాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఎన్నాళ్ళకో అలాంటి నవ్వు. "ఒరేయ్, పదహారు పేజీల ఫారంలోనైనా మా ప్రెస్సులో ఒక్క తప్పు పడితే ఒక్క అక్షరం మార్చేవాళ్ళం. మీ పిన్ని పుస్తకం మొత్తం అంట్లల్లే తోమేసిందిరా!" నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, నేను వీపు రాస్తుంటే కూడా నవ్వుతూనే ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది. "ఏడవకే. మళ్ళీ తెస్తాడు. ఏరా?" అన్నారు.

"తెస్తానండి. మా కాలేజీ నెట్టు నెమ్మదండి, దిగడానికి రెండ్రోజులు పడతాది. శని, ఆదివారాలు తునిలో మా మావగారి సంవత్సరీకం. సోమవారం వచ్చేదా?"

"సోమవారం కాకినాడ వెళ్ళాలిరా."

"అయితే మంగళవారం పొద్దున్నే, ఇదే టైముకి. గంటలో అయిపోద్దండి."

నా నోరు ఊరుకోలేదు. ఆలోచించి అన్నది కాదు. చిన్నప్పటినుంచి నాలిక మీద ఉన్న మాట, దానంతటదే వచ్చింది. "మంగళవారం కొత్తపనేంటిరా, బుధవారం రా."

ఆయన నన్ను చూశారు. ఏదో అనబోయి, "సరే, బుధవారం రారా" అన్నారు.

మంగళవారం పొద్దున్న ఆయన తొందరగా లేచారు. కుర్చీలో కూర్చుని పాత కంప్యూటర్ వేసుకున్నారు. నేను వంటింట్లో గంజి కాస్తున్నాను. పది దాటాక, "ప్రసన్నా, కొంచెం పలచగా" అని నన్ను కేకేశారు. పలచగానే కాచాను. చల్లార్చి తెచ్చేసరికి తల కుర్చీ వెనక్కి వాలి ఉంది. చెయ్యి బల్ల మీదే ఉంది. నిద్రపోయారనుకుని గంజి మీద మూత పెట్టాను. అప్పుడు పదిన్నర.

లోవరాజు చెప్పిన టైము తొమ్మిది. పని గంట. పదింటికల్లా ఆయన కళ్ళముందు ఉండేది. ఆ తర్వాత ఆయనకు ఇంకో అరగంట ఉంది. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేశానో చెప్పలేను. గిన్నెలు తోముతూ వేస్తాను, బియ్యం ఏరుతూ వేస్తాను. ప్రతిసారీ ఆ అరగంట మిగిలే ఉంటుంది.

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో రాయడానికి ఏమీ లేదు. మా చెల్లెలు వచ్చి రెండు నెలలు ఉండి వెళ్ళింది. కంప్యూటర్ మీద గుడ్డ కప్పాను. బల్ల సొరుగులో ఆయన కాగితం ముక్కలు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. విప్పలేదు.

జూలై ఆఖరున లోవరాజు ఫోన్ చేశాడు.

"పిన్నిగారూ, తర్వాతది వచ్చిందండి, నేను చెప్పానే అప్పుడు. ఇది కూడా కొత్తదే, ఇంకా కొన్నాళ్ళు ఆగితే మంచిదంటున్నారు కొందరు. కానీ మాస్టారి మాటలు మీకొకసారి చూపించాలనుందండి. ఎలాగూ ఆషాఢం కదా, నాలుగు రోజుల్లో శ్రావణం వచ్చేస్తాది. అప్పుడు వచ్చేదా?"

"ఇవాళే రా" అన్నాను.

"ఆషాఢమండి..."

"ఇవాళే రారా."

మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చాడు. గుడ్డ తీశాను. అతను పని చేస్తున్నంతసేపూ నేను గుమ్మంలో ఆయన వేసుకునే పీట మీదే కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు, తల తిప్పకుండా, తెరవైపే చూస్తూ.

"పిన్నిగారూ, జనవరిలో గుమ్మం దాకా వచ్చారు చూడండి మాస్టారు. ఆ రోజు నాతో చెప్పారండి. డాక్టరుగారు ఆయనకి కూడా చెప్పేశారంట, ఆయనే గుచ్చి గుచ్చి అడిగితే. మీ పిన్నికి తెలీదురా, నేను తొందరపడితే కనిపెట్టేస్తుంది, దాని ఇష్టప్రకారం మాఘం దాకా ఆగుదాం అన్నారు. నేను ఒట్టేశానండి. నేనన్నా నోరు విప్పాల్సింది."

ఆ రోజు ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. అతను గుమ్మం దాటేసరికి ముగ్గురికీ తెలుసు. అయినా ముగ్గురం ఇరవై రోజులని లెక్కపెట్టుకుంటూ ఆగాం.

కొత్త ముఖం వచ్చింది. నల్లగా, నున్నగా ఉంది. ఆయన సర్దుకున్న బొమ్మలేవీ ఉన్నచోట లేవు. లోవరాజు ఒక్కొక్క జాబితా తెరిచి, ఇది మాస్టారిది, ఇది కూడా మాస్టారిదే అని వేలు పెట్టి చూపించాడు. నేను కూడబలుక్కుని చదివాను. మా ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉన్నాయి. పక్కనుంచి ఎవరైనా "మళ్ళీ" అంటారేమోనని ఆగి ఆగి చదివాను.

"అన్నిటికంటే ఇది చూపించాలన్నారండి మీకు" అని జాబితా చిట్టచివరికి తెచ్చాడు. పాతదాన్లో నిష్క్రమించు ఉండే చోటు. అక్కడ "వెళ్ళొస్తా" అని ఉంది.

పనసపొట్టు, ఆవ, కరివేపాకు, అన్నీ గుర్తొచ్చాయి.

"దీనికోసం వాళ్ళతో నెల్లాళ్ళు వాదించారండి" అన్నాడు లోవరాజు. "ఇది మరీ ఇంటి మాటలా ఉందన్నారు వాళ్ళు. ఇంటి మాటే, మా ఇంటావిడ మాట, దీన్ని మించింది ఉంటే చెప్పండి అని రాయించారు నాతో. చివరికి ఒప్పుకున్నారు. ఎక్కడెక్కడి తెలుగోళ్ళు వేసుకున్నా ఇదే కనపడతాదండి."

నాకు ఒక్కటే అడగాలనిపించింది. అడక్కపోతే బాగుండేది.

"జనవరి సీడీలో కూడా ఉందేంట్రా ఈ మాట?"

అతను హెల్మెట్ తీసుకుని, దాని పట్టీ సరిచేసుకున్నాడు.

"ఉందండి."

దేవుడి గూట్లో మూడు శుక్రవారాలు, నా ఎదురుగానే ఉంది. నేను దాని మీదే బొట్టు పెట్టాను. ఆయన నాకు చూపించాలనుకున్నది అదే, నేను చూస్తుంటే నన్ను చూడాలనుకున్నారు. నేను కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివి, ఏవండోయ్ ఇది నాదే అంటే నవ్వాలనుకున్నారు. అంతకుమించి ఆ మనిషికి కోరికేం లేదు.

"మీరే నొక్కండి పిన్నిగారూ. నొక్కితే ఆగిపోతాది. రోజూ ఇలాగే ఆపాలి" అన్నాడు.

"నాకు చేతకాదు. ఇవాళ్టికి ఉండనీరా."

"అలాగేనండి" అని లేచాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అలవాటుగా ఆ మాటే అనబోయి, సగంలో ఆపేసి, తల ఊపి వెళ్ళిపోయాడు.

నేను ఆయన కుర్చీలో కూర్చున్నాను. జాబితా అలాగే తెరిచి ఉంది. బాణం గుర్తు ఆ మాట పక్కనే ఆగి ఉంది. పొయ్యి వెలిగించలేదు, దీపం పెట్టలేదు. ఆరింటికి రోజూ ఉండే కోత వేళ అయింది, కరెంటు పోయింది. ఎవరూ ఏమీ నొక్కకుండానే, ఆ మాట అనకుండానే, తెర నల్లబడిపోయింది.